యింజనుకు తలంటు

ఆయుధపూజ వస్తున్నదంటే చెన్నపట్నంలో బండ్లు కడిగే షెడ్లముందు బారులు తీరుతాయి. గంధం బొట్టు, పూలదండ, చక్రాలకింద నిమ్మకాయలు మరునాటి మాట. ముందురోజు తలంటు తప్పదు. పైపైన కడిగితే చిక్కేమీ లేదు. బానెట్ యెత్తి గొట్టంతో జోరుగా కొట్టించినప్పుడే తంటా. కడిగిన మరునాడు బండి మొండికేస్తున్నదేమని యిద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు గనుక యీ నెల ఆ ముచ్చటే.

మా ఆఫీసు మిత్రుడొకాయన కారు కడిగించిన సాయంత్రం బాగానే యిల్లు చేరింది. పండుగనాడు తల్లిగారిని మైలాపూరు గుడికి తీసుకుపోతుంటే కోడంబాక్కం వంతెనమీద వణకసాగింది. యెదుట యింజను బొమ్మ వున్న పసుపు దీపం మినుకుమినుకుమంటున్నది. పండుగపూట మెకానిక్కు దొరకడులెమ్మని ఆయన అట్లాగే నడిపాడు. ఆ దీపం నిలకడగా వెలిగితే వొక సంగతి, మినుకుమంటే వేరు సంగతి. నిప్పురవ్వ అందని సిలిండరులోని పెట్రోలు కాలకుండా పొగగొట్టంలోకి పోతుంది. అక్కడ పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టరు వున్నది. ఆ పెట్రోలు దానిలో మండి, లోపలి జల్లెడను కరిగించగలదు. మిత్రుడికి అదే జరిగింది. చెంచాడు నీళ్లకు వేలరూపాయల ఖర్చు!

నీళ్లు యెక్కడ చేరతాయంటారా? నేటి పెట్రోలు కార్లలో చాలావాటికి స్పార్కు ప్లగ్గు బావివంటి లోతైన గుంటలో కూర్చుంటుంది. దానిపైన రబ్బరు తొడుగుతో కాయిల్. ఆ రబ్బరు ముసలిదై పగిలితే గొట్టపు జోరుకు నీరు బావిలోకి దిగుతుంది. వేల వోల్టుల విద్యుత్తు ప్లగ్గు కొనకు పోకుండా తడివెంట పక్క లోహానికి జారిపోతుంది. అందులోనూ సముద్రపు వొడ్డు పేటల్లో బోరునీరు వుప్పన. అది ఆరినా తెల్లటి పొర మిగిలి, వైర్ల కనెక్టర్లను కొరుక్కు తింటుంది.

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు నడిపిన పెద్దలకు యీ రోగం కొత్తది కాదు. డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు వూడదీసి, లోపల పొడిగుడ్డతో తుడిస్తే అయిదు నిమిషాల్లో బండి కదిలేది. యిప్పటి బండికీ వైద్యం అదే, కాస్త వోపిక కావాలి. యింజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివు తీగ విప్పి, కాయిల్ పైకి లాగండి. తొడుగు కొన తడిగా వుంటే దొంగ దొరికినట్టే. ప్లగ్గు మాత్రం అప్పుడే విప్పవద్దు సుమండీ, పైనున్న నీరు సిలిండరులోకే దిగుతుంది. స్క్రూడ్రైవరుకు పాత పంచెగుడ్డ చుట్టి అద్ది, సైకిలు పంపుతో గాలి కొట్టండి. బానెట్ యెత్తి వొకపూట యెండలో వుంచండి. మబ్బు రోజుల్లో రెండుపూటలైనా పడుతుంది. రబ్బరు పగిలివుంటే మార్చవలసిందే. జి.పి. రోడ్డులో దొరుకుతుంది.

కీచుమని అరిస్తే తడిసిన బెల్టు, దానంతటదే ఆరుతుంది. తాళం తిప్పినా వులుకూ పలుకూ లేకపోతే బ్యాటరీ కొనలు, ఫ్యూజు పెట్టె చూడండి. దీపం లేకుండా యింజను దగ్గుతుంటే గాలి ఫిల్టరు తడిసిందేమో తీసి చూడండి.

అసలు భయపడవలసింది మరొకటి. తాళం తిప్పగానే ధడ్‌మని బిగుసుకుపోతే చెయ్యి తీసెయ్యండి. గాలి గొట్టంగుండా సిలిండరులోకి నీరు పోయిందేమో. గాలిని నొక్కవచ్చు గాని నీటిని నొక్కలేము. పిస్టను పైకి రాబోయి కనెక్టింగు రాడ్డు వంగుతుంది. డీజిలు బండికీ యిదే ప్రమాదం. కడగడంవల్ల యిది అరుదు, వరదల్లోనే యెక్కువ. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ మునిగిన కార్లను తీరా నీరు తీశాక తొందరపడి స్టార్టు చేసి యింజను పోగొట్టుకున్నవారున్నారు. మామూలు బీమా పాలసీ సాధారణంగా ఆ నష్టానికి డబ్బివ్వదు. యింజను రక్షణ అని విడిగా చేర్చుకోవాలి. అందుకే 2024 అక్టోబరులో వేళచ్చేరి వాసులు వాన రాకముందే కార్లను వంతెనమీదికి యెక్కించి పెట్టారు. నవ్వినవాళ్లు నవ్వారు గాని, నాకది బుద్ధిమంతుల పనిగానే తోచింది.

ఆయిలు కారి జిడ్డు పట్టితే తప్ప యింజను కడిగించనే అక్కరలేదు, తడిగుడ్డ చాలు. షెడ్డులో బండి దిగుతూనే "ఇంజిన్ వాష్ వేండామ్" అని కుర్రవాడికి గట్టిగా చెప్పండి. చెప్పకపోతే పండుగ వుత్సాహంలో వాడే బానెట్ యెత్తుతాడు.