గృహారోగ్యము: ఆమ్లపిత్తముతో కాపురము



రాత్రి భోజనములై, వంటయిల్లు సర్దుకొని నడుము వాల్చగానే రొమ్ము నడుమ మంట పుట్టుటయు, పుల్లనినీరు గొంతులోనికి ఎగదన్నుటయు మనలో ననేకులకు తెలిసిన బాధయే. దీనిని కొందఱు గ్యాసందురు, కొందఱు పైత్యమందురు. మా పాతనగరమున ఇరుగుపొరుగు ముస్లిము సోదరీమణులు తేజాబియత్ అందురు. పేరేదైనను మంట యొక్కటియే. ఎప్పుడో యొకపూట వచ్చి పోయినచో నది అజీర్ణము. వారమునకు రెండు మూడు మారులు, నెలల తరబడి వచ్చుచున్నచో నది మనతో కాపురము చేయవచ్చిన వ్యాధి యని గ్రహింపవలెను.

మన పూర్వులీ వ్యాధి నెఱుగనివారు కారు. చరక సుశ్రుతులు దీనికి ప్రత్యేకాధ్యాయము నీయకున్నను, కాశ్యపసంహితయందును మాధవనిదానమునందును ఆమ్లపిత్తము వేఱుగా వివరింపబడినది. అందు పైకి వచ్చునది ఊర్ధ్వగమనియు, క్రిందికి పోవునది అధోగమనియు మాధవకరుడు విభజించెను. నేటి వైద్యులు చెప్పునది పైకి ఎగదన్ను విధమునకు దగ్గఱగా నున్నది. అన్నవాహిక జఠరమును కలియుచోట కండరపు కట్టు ఒకటి కలదు. అన్నము దిగునప్పుడు తెఱచుకొని పిమ్మట మూసికొనుట దాని ధర్మము. అది సడలినచో జఠరమునందలి ఆమ్లము పైకి వచ్చును. జఠరమునకు ఆమ్లమును తాళగల పొర కలదు, అన్నవాహికకు లేదు; కావుననే యీ మంట. ఆ ఆమ్లము కంఠమువఱకు వచ్చినచో గొంతు బొంగురుపోవును, పొడిదగ్గు పట్టును. దినమంతయు పాఠము చెప్పు ఉపాధ్యాయుల యిండ్లలో నీ బొంగురును బడిశ్రమకే అంటగట్టి యూరకుందురు, అట్లు చేయరాదు.

ఇక మన సంగతి. పిల్లలకు పెట్టి, పెద్దలకు పెట్టి, వచ్చినవారికి పెట్టి, తుదకు పదిగంటలు దాటినపిదప మిగిలిన పులుసును పచ్చడిని కలుపుకొని గబగబ తిని వెంటనే పడుకొనుట గృహిణీధర్మమని యెవరు విధించిరి? ఈ వ్యాధికి ఇంతకంటె అనుకూలమగు నడవడి లేదు. భోజనమునకును శయనమునకును రెండు మూడు గంటల యెడముండవలెనని వైద్యుల మాట. అత్తగారికిని పతికిని ఈ విషయము తెలియజెప్పి, అందఱితోబాటు ఎనిమిది గంటలకే కూర్చుండి తినుట స్వార్థము కాదు, చికిత్స.

ఆహారమునందు అందఱికిని ఒకే నిషేధము లేదు. ఒకరికి గోంగూర పడదు, ఒకరికి మిర్చీకా సాలను పడదు, ఒకరికి పరగడుపున త్రాగు ఇరానీ చాయయే శత్రువు. రెండు వారములపాటు తిన్నదియు, మంట వచ్చిన వేళయు ఒక పుస్తకమున వ్రాసికొన్నచో మీ శత్రువెవ్వరో మీకే తెలియును. వేపుళ్లు, మిక్కిలి నేయి జఠరమున చాలసేపు నిలుచును. తాంబూలములో జర్దా వేసికొను నలవాటున్నవారు దానిని మానుట మేలు; పొగాకు ఆ కట్టును సడలించును. పాలు త్రాగిన కొంతసేపు చల్లగానుండును గాని పిదప ఆమ్లము మఱల ఊరును. కార్తికమున పగలెల్ల ఉపవాసముండి నక్షత్రదర్శనముతోడనే కడుపునిండ తినువారును, రంజానులో సహరు తిని మఱల నిద్రించువారును, లాల్‌దర్వాజా బోనాలనాటి విందున కూర్చుండువారును కొంచెము కొంచెముగా తిని, తిన్నవెంటనే పడుకొనకున్నచో వ్రతమునకును పండుగకును భంగము లేదు. శరీరభారము హెచ్చినవారు దానిని తగ్గించుకొన్నచో మంటయు తగ్గును.

శయనమునందొక చిన్న ఉపాయము. దిండుపై దిండు వేసినచో నడుము వంగి కడుపు నొక్కుకొనును, ఫలము లేదు. మంచపు తలవైపు కోళ్లక్రింద ఇటుకలుంచి 6 మొదలు 8 అంగుళములు ఎత్తు చేయుడు. ఎడమప్రక్కకు తిరిగి పడుకొనుడు. అప్పుడు జఠరము అన్నవాహికకు దిగువనుండును.

ఔషధముల విషయమున జాగ్రత్త. ఒమెప్రజోలు, పాంటాప్రజోలు వంటి మాత్రలు భోజనమునకు సుమారు అరగంట ముందు వేసికొన్నగాని చక్కగా పనిచేయవు. పొరుగింటివారి మాత్రలు అడిగి తెచ్చుకొని యేండ్ల తరబడి మ్రింగుటయు, చాలకాలము వాడి ఒక్కసారిగా మానుటయు తగవు. వంటసోడా నీళ్లు మాటిమాటికి త్రాగుట రక్తపుపోటు గలవారికి హానికరము. మోకాళ్లనొప్పికి వాడు మాత్రలు కొన్ని కడుపున పుండ్లు పెట్టును. కారమువలనను చింతవలననే పుండ్లు పడునని లోకము చిరకాలము నమ్మెను గాని, చాలవాటికి ఒక సూక్ష్మజీవి కారణమని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపి 2005లో నోబెల్ బహుమానమందిరి. కావున ప్రతి కడుపునొప్పియు ఆమ్లపిత్తము కాదు.

మ్రింగుడు పడకున్నను, కారణము లేక చిక్కిపోవుచున్నను, విరేచనము తారువలె నల్లగానున్నను, వాంతిలో రక్తము పడినను ఇంటివైద్యము చాలించి వైద్యుని చూడవలెను. మనకు అఫ్జల్‌గంజులో ఉస్మానియా వైద్యశాల యున్నది. రొమ్ముమంటతో చెమటలు పట్టి, ఆయాసము గలిగి, నొప్పి దవడకో చేతికో ప్రాకినచో గ్యాసని సోడా త్రాగి కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయించుడు. స్త్రీలయందు గుండెపోటు ఒక్కొక్కప్పుడు కేవలము కడుపు బాధవలె, అలసటవలె కన్పట్టును, ఆలస్యమే ప్రాణాపాయము.

ఇంటిల్లిపాది యాకలి నెఱిగి తీర్చు తల్లి తన కడుపులోని మంటను మాత్రము దాచుకొనుట ఓర్పు కాదు. ఈ రాత్రియే అందఱితోబాటు పీట వేసికొని కూర్చుండుడు. చికిత్స అచ్చటనే ఆరంభమగును.