గ్రామీణ బాలలు – కంప్యూటర్ అక్షరాస్యత

ఉత్తరం చదివించుకోవడానికి, దరఖాస్తు రాయించుకోవడానికి నిరక్షరాస్యుడు ఒకప్పుడు ఇతరుల ఇంటి గడప తొక్కేవాడు. నేడు ఉపకార వేతనానికైనా, కళాశాల ప్రవేశానికైనా కంప్యూటర్ ద్వారానే దరఖాస్తు చేయవలసి వస్తున్నది. కనుక చదువుకొని కూడా కంప్యూటర్ తెలియనివాడు అదే పరాధీనతను అనుభవిస్తున్నాడు.

పల్లె పిల్లలకు ఈ విద్య అందదనుకోవడం అపోహ. 1999లో సుగతా మిత్రా అనే శాస్త్రవేత్త ఢిల్లీలోని కాల్కాజీలో, మురికివాడ పక్కనున్న గోడలో ఒక కంప్యూటర్‌ను అమర్చారు. ఎవరూ నేర్పకుండానే అక్కడి బాలలు దానిని వాడటం మొదలుపెట్టారు. జిజ్ఞాసకు పేద, ధనిక భేదం లేదని ఆ ప్రయోగం చాటింది.

అయితే యంత్రాన్ని వాడటం వేరు, దానితో విద్యను ఆర్జించడం వేరు. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల బాలబాలికలలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసునని 2024 నాటి 'అసర్' సర్వే తెలిపింది. వారిలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం దానిని వాడినవారు 57 శాతం కాగా, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. చేతిలో పరికరం ఉన్నంత మాత్రాన వివేకం అలవడదు. ఆ వివేకాన్ని నేర్పవలసినది పాఠశాలయే.

పాఠశాలకు కంప్యూటర్లు పంపినంతనే బాధ్యత తీరదు. బోధించేవారు లేని చోట కంప్యూటర్ గది తాళానికీ, ధూళికీ నిలయమవుతుంది. 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' పథకాన్ని చేపట్టిన కేరళ రాష్ట్రం ఈ సత్యాన్ని గ్రహించింది. పాఠశాలల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులకే శిక్షణ నిచ్చింది. ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్‌ను వినియోగించి వ్యయభారాన్ని తగ్గించుకొన్నది.

తెలుగునాట కూడా ప్రతి గ్రామీణ పాఠశాలలో కనీసం ఒక ఉపాధ్యాయుడికైనా సమగ్రమైన శిక్షణ అందాలి. పాఠాలు తెలుగులో ఉండాలి. విద్యార్థి తెలుగులో టైపు చేయడం, సమాచారంలోని నిజానిజాలు పరిశీలించడం, రహస్య పదాన్ని కాపాడుకోవడం నేర్వాలి. బాలికలకు బాలురతో సమానంగా అవకాశం దక్కాలి. ఇంటర్మీడియట్ విద్యార్థులు సైతం సెలవు దినాలలో తమ ఊరి బడి పిల్లలకు తెలిసినంత నేర్పవచ్చు.

పంచిన కొద్దీ పెరిగేది విద్య. అది పట్టణాల దగ్గరే ఆగిపోతే పల్లె మరొక తరం వెనుకబడుతుంది.