కసూర్ గేముది కాదు, దుమ్ముది



మొన్న వేసవిలో మా ఇంట్లో ఒక ముకద్దమా నడిచింది. ముల్జిమ్ మా అబ్బాయి. ఇంటర్ చదువుతున్నాడు. గేములు ఆడి కంప్యూటర్ పాడుచేశాడనేది వాడి మీద ఇల్జామ్. జడ్జినీ నేనే, గవాహీ చెప్పేదీ నేనే. ఫైసలా ముందే రాసిపెట్టుకున్నా.

సంగతేమిటంటే, వాడు కార్ల గేము పెట్టిన కాసేపటికే తెర బిగుసుకుపోయేది. మౌస్ కదలదు. కీబోర్డు పలకదు. స్పీకర్‌లోంచి ఒకటే గుర్రుమనే శబ్దం. పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేయాల్సిందే. నేను అదే కంప్యూటర్ మీద గంటలకొద్దీ వార్తలు టైపు చేసుకుంటే ఏ తక్లీఫూ లేదు. ఇంకేం, నాకు సబూత్ దొరికినట్టే అయింది.

"నా పనికి ఆగడంలేదు, నీ ఆటకే ఆగుతాంది. ఈ గేములే దాన్ని తినేశాయి" అన్నా.

"అబ్బా, నేనేం చేయలే" అన్నాడు వాడు. నేను వినలేదు.

ఒకచోట చూపిస్తే, మూత కూడా తీయకుండానే మదర్‌బోర్డు పోయిందన్నారు. కొత్తది వేయాలంటే ఎనిమిది వేలు. అంత పెట్టేకంటే వచ్చినకాడికి అమ్మేద్దామని ఇంట్లో చెప్పేశా. అప్పుడు మా బేగం ఒక్క మాట అంది: "పప్పు రుబ్బేటప్పుడు మిక్సీ వేడెక్కి ఆగిపోతే, పప్పుదే కసూర్ అంటామా?"

ఆ రాత్రి ఇషా నమాజ్ తర్వాత వాడు ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. అయిదు రోజుల హిసాబ్ అందులో ఉంది. ఫజ్ర్ తర్వాత పెడితే గేము గంటకు పైగా నడిచింది. జొహర్ తర్వాత పెడితే పన్నెండు నిమిషాలు. అస్ర్ తర్వాత పదిహేను. ఇషా తర్వాత నలభై. అయిదు రోజులూ దాదాపు ఇదే వరుస. కింద వాడే రాసుకున్నాడు: "గేము ఒకటే, టైమును బట్టి మారుతోంది. వేడి?"

నేను సిగ్గుపడ్డా. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎందుకు అని ఊరందరినీ అడిగి రాసే విలేకరిని నేను. నా ఇంట్లో నా కొడుకును మాత్రం ఒక్క సవాల్ అడగలేదు. ఖబర్ వస్తే తహకీక్ చేసుకోమనీ, గుమాన్‌లకు దూరంగా ఉండమనీ సూరె హుజురాత్‌లో మనం చదువుతూనే ఉంటాం. ఆ తహకీక్ నా బదులు వాడు చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం గేము నడుస్తుండగా హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేడి చూశాం. ప్రాసెసర్ 96 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 94. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల దగ్గరే. టైపు చేసేటప్పుడు ఈ రెండూ దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. గేము పెట్టగానే రెండూ నిండా పనిచేస్తాయి. నా పనికి ఆగకుండా వాడి ఆటకే ఆగడం వెనక రాజ్ ఇదే. గేము జబ్బు తేలేదు, లోపలున్న జబ్బును బయటపెట్టింది.

సాయంత్రం కరెంటు వైరు పీకి, డబ్బాను మిద్దె మీదకు తీసుకుపోయి పక్క రేకు విప్పాం. ప్రాసెసర్ మీదుండే అల్యూమినియం రెక్కల సందులన్నీ తెల్లటి దుమ్ముతో పూడిపోయాయి, మీద దుప్పటి కప్పినట్టు. ఈ దుమ్ము మన డోన్ వాళ్లకు కొత్తదా? చుట్టూ గనులు, రాయి పిండిచేసే మిల్లులు. అటు బేతంచెర్ల దాకా నాపరాయి పాలిష్ పనులు. మసీదు మెట్ల మీద విడిచిన చెప్పుల మీదా అదే దుమ్ము, కిటికీ ఊచల మీదా అదే. ఫ్యాన్ గాలి లాగే డబ్బాలోకి రాకుండా ఉంటుందా? దానికి తోడు మన ఎండ. గదిలో 27 డిగ్రీలున్నప్పుడు లోపలి చిప్పు ఎంత వేడెక్కుతుందో, గది 42కు చేరితే అంతకన్నా ఇంచుమించు పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది.

మెత్తని పెయింటు బ్రష్షుతో దులిపాం. ఫ్యాన్ రెక్క గిర్రున తిరగకుండా వేలితో పట్టుకుని, దూరం నుంచి బ్లోయరు కొట్టాం. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి, కొత్తది పెసర గింజంత పెట్టాం. ఒక్క ఎహతియాత్: కరెంటు వచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. వైరు పీకినా లోపల కరెంటు నిలవ ఉంటుంది, జాన్‌కే ఖతరా.

మర్నాడు జొహర్ తర్వాత గేము పెట్టాడు. ప్రాసెసర్ 75 దాటలేదు. అస్ర్ అజాన్ దాకా ఆగలేదు. అల్హందులిల్లాహ్. మొత్తం ఖర్చు పేస్టుకూ బ్రష్షుకూ కలిపి మూడొందల లోపే.

ప్రతి ఇంట్లోనూ సబబ్ దుమ్మే అని నేననను. వేడి మామూలుగానే ఉండి తెర బిగుసుకుంటే ర్యామ్ చూడండి. విండోస్‌లోనే మెమరీ పరీక్ష ఉంది. రెండు ర్యామ్‌లుంటే ఒకటి తీసి, ఒకదాంతో నడిపి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి కొత్తగా వేయండి. హార్డ్‌డిస్కు ఆరోగ్యం చూడండి. గేములో బరువు పడగానే మెషీన్ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ మొదలైతే ఎస్‌ఎంపీఎస్ మీద షక్ పడండి. ఉసూల్ ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏమైందో రాసిపెట్టండి. నాలుగూ ఒకేసారి మారిస్తే అసలు ముజ్రిం ఎవరో ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. పిల్లలు గంటలకొద్దీ గేములాడటం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. నమాజ్ కజా అయ్యేలా, చదువు చెడేలా ఆడితే వద్దని చెప్పే హక్ నాకుంది, చెబుతా కూడా. కానీ "గేము వల్లే కంప్యూటర్ చెడింది" అని తప్పుడు సబబ్ చెప్పే హక్ నాకు లేదు. తర్బియత్ పేరుతో మనం ఇలాంటి మాటలు చాలా అంటాం. ఫోన్ చూస్తే ఇది పోతుంది, ఆట ఆడితే అది చెడుతుంది అని. పిల్లలు పెద్దయ్యాక, మన మాట తప్పని వాళ్లకు తెలిసిపోతుంది. అప్పుడు మనం చెప్పిన నిజాల మీద కూడా ఏతబార్ పోతుంది. ఎనిమిది వేలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ ఏతబార్ పోతే ఏ దుకాణంలో దొరుకుతుంది?

కొడుకు దగ్గర మాఫీ అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. జుమా నమాజ్ నుంచి ఇద్దరం నడిచి వస్తుంటే అడిగా. వాడు నవ్వి, "పర్వాలేదబ్బా, నీ సీపీయూ కూడా వేడెక్కింది" అన్నాడు.

ఇప్పుడు గేము రోజుకు గంట. అదీ ఇద్దరం కూర్చుని ఖరారు చేసుకున్నదే. రెండు నెలలకోసారి మిద్దె మీద దుమ్ము దులపడం వాడి జిమ్మేదారీ, బ్లోయరు పట్టుకోవడం నాది.

ఇల్జామ్ వేసేముందు మూత తీసి చూసే తౌఫీక్ అల్లాహ్ మనందరికీ ఇవ్వాలి. ఆమీన్.