ఇంటిచూరున కందిరీగలు



తొలకరి చినుకులు పడి కాలువలకు నీరు వదలిన పిదప కృష్ణా డెల్టాలోని యిల్లాలి కంటబడు క్రొత్త కాపురములలో కందిరీగల కాపురమొకటి. పెంకుటింటి చూరు, వసారా వాసములు, గొడ్లపాక, గడ్డివాము, పెరటిలోని నిమ్మచెట్టు దానికి అనువైన చోట్లు. విజయవాడలో మేడలమీద కాపురముండువారికి కిటికీపై నున్న చెజ్జా, మెట్ల క్రిందిచోటు, ఏసీ వెలుపలి పెట్టె వెనుకభాగము అట్టివే. గూడు చిన్నదిగా నున్నప్పుడు ఎవ్వరును గమనింపరు. పెద్దదైన పిమ్మట అందరును భయపడుదురు. ఈ రెంటి నడుమ నున్న కొద్ది దినములే గృహిణి చేతిలో నున్న సమయము. దానిని జారవిడువక వినియోగించుకొనుట యెట్లో ఈ మాసమున ముచ్చటింతము.

మొదట వానిని గుర్తుపట్ట నేర్వవలెను. మన యిండ్లచుట్టు గూళ్లు కట్టునవి ముఖ్యముగా మూడు తెగలు.

మొదటి తెగ మట్టితో గూడు కట్టునది. గోడమూలలను, తలుపు వెనుకను, పటముల వెనుకను చిన్న ముంతవలెనో, మట్టిముద్దవలెనో గూడు పెట్టును. 1855లో విజయవాడ యొద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు పారుట మొదలైనది లగాయతు, అటుపిమ్మట 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, మన సీమలో తడిమట్టికి కొదువ లేదు గదా! ఈ తెగలో ఒక్కొక్క తల్లి తన గూటిని తానే కట్టుకొనును. కావలి సేన లేదు. చేతితో పట్టుకొన్ననే గాని సాధారణముగా కుట్టదు.

మన పెద్దలు చెప్పు భ్రమరకీటన్యాయము దీనిని చూచి పుట్టినదే యనవచ్చును. పురుగు గూటిలోనికి పోవుటయు, కొన్నాళ్లకు అందుండి రెక్కల యీగ వెలువడుటయు చూచినవారు, భ్రమరమునే తలచి తలచి పురుగు భ్రమరమైనదని భావించిరి. వేదాంతమునకు ఆ దృష్టాంతము చక్కనిదే. కాని జరుగునది వేరు. తల్లి యీగ గొంగళిపురుగునో సాలెపురుగునో కుట్టి, చంపక, కదలకుండ చేసి గదిలో నుంచును. అందే గ్రుడ్డు పెట్టి వాకిలి మూయును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల ఆ యాహారమును తిని పెరిగి, ఈగయై గోడకు కన్నము చేసికొని వెలువడును. ఇట్టి వేటకందిరీగల నడవడిని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఫాబ్ర్ ఏండ్ల తరబడి పరిశీలించి, 1879 మొదలు ప్రకటించిన తన గ్రంథములలో వివరించెను.

కొన్ని యిండ్లలో ఈ మట్టిగూడు శుభసూచకమనియు, ఇంట బిడ్డ పుట్టబోవుననియు నమ్మి, పెద్దలు దానిని తీయనీయరు. వారితో వాదమేల? గూటి గదులన్నిటికిని కన్నములు పడువరకు ఆగినచో పిల్లలు ఎగిరిపోయినవని యర్థము. అప్పుడు తీసి గోడ కడుగుకొనవచ్చును. పెద్దల మాటయు దక్కును, గోడయు దక్కును.

అయితే ఒక్క విషయమున ఆలస్యము తగదు. ఈ జాతి యీగలలో కొన్ని తాళపుకప్ప రంధ్రములను, గొట్టముల మూతులను, విద్యుత్తు ప్లగ్గుల రంధ్రములను మట్టితో పూడ్చును. ఇది చిన్న సంగతి యని తోచును. 1996 ఫిబ్రవరి 6వ తేదీన డొమినికన్ రిపబ్లిక్ దేశమున ఒక విమానము సముద్రమున కూలి 189 మంది మరణించిరి. వేగమును కొలుచు గొట్టము మూసికొనిపోవుటయే దానికి మూలమనియు, మట్టికందిరీగ గూడు అందుకు కారణమై యుండవచ్చుననియు విచారణలో తేలినది. కనుక వాడని గొట్టములకు మూత పెట్టుడు. వాడునవి వారమునకొకసారి చూచుకొనుడు. ప్లగ్గుల రంధ్రములలోని మట్టిని మాత్రము మీరు గెలుకక పనివానిచే తీయింపుడు.

రెండవ తెగ కాగితమువంటి తుట్టె కట్టునది. సన్నని కాడనుండి వ్రేలాడుచు, గదులు క్రిందివైపునకు తెరచియుండును. రంగు వేయని పాత వాసములను, తలుపులను గీకి, ఆ పీచును ఉమ్మితో నమలి ఈ కాగితమును చేయును. కర్రనుండి కాగితము చేయవచ్చునను ఆలోచనను 1719లో రియోమ్యూర్ అను ఫ్రెంచి పండితుడు కందిరీగలను చూచియే వెల్లడించెను. అందుచే ఇంటి కర్రసామానునకు రంగు గాని వార్నీషు గాని వేయించుట రెండు విధముల లాభము: కర్ర నిలుచును, ఈగకు ముడిసరకు దొరకదు.

ఈ చిన్న కందిరీగలలో మన దక్షిణదేశమున విరివిగా నుండు ఒక జాతిని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు ఆచార్య రాఘవేంద్ర గదగ్కర్ గారు దశాబ్దములు పరిశోధించి 2001లో గొప్ప గ్రంథము వెలువరించిరి. అందు మనకు పనికివచ్చు సంగతులు రెండు. ఒకటి, ఈ జాతి యేడాదిలో ఏ ఋతువునందైనను గూడు మొదలుపెట్టగలదు. కావున వానకాలము దాటినంతమాత్రాన నిశ్చింతగా నుండరాదు. రెండు, రాణియీగ పోయినను కాపురము చెడదు. తక్కిన ఆడయీగలలో ఒకటి ఆ స్థానమున కెక్కును. కనుక తుట్టెపై నున్న ఒకటి రెండింటిని చంపి పని ముగిసినదనుకొనుట వ్యర్థము. తుట్టెనే తీయవలెను.

తీయు విధము వినుడు. తుట్టె రూపాయిబిళ్ల యంత యుండి, ఒకే యీగ యున్నప్పుడు, అది మేతకు పోయిన వేళ చూచి పొడుగాటి బూజుకర్రతో కాడను తెంపి పడవేసి, దూరముగా పారవేయుడు. ఆ చోటును తడిగుడ్డతో తుడిచివేయుడు. ఈగ తిరిగివచ్చి ప్రక్కనే మరల కట్టవచ్చును, మరల తీయుడు. నాలుగైదు ఈగలు చేరియున్నచో ప్రొద్దుగ్రుంకిన పిదప అన్నియు తుట్టెపై నణగియుండును. అప్పుడు ఒడలంతయు, తలయు కప్పుకొని, సబ్బునీటిని పిచికారీతో దూరమునుండి తడియునట్లు చల్లవలెను. సబ్బునీరు వాని ఊపిరిరంధ్రములలోనికి పోయి చంపును. చేతిలో దీపముండరాదు, వెలుగువైపే ఎగిరివచ్చును. సరిగా తుట్టె క్రింద నిలువరాదు. పిల్లలను ముందే లోపలికి పంపవలెను.

మూడవ తెగయే నిజమైన భయకారణము. ఇది పెద్ద కందిరీగ. నల్లని యొడలు, పొట్టపై వెడల్పైన పసుపుపట్టె. చెట్టుతొఱ్ఱలలో, నేలబొరియలలో, ఇంటి పైకప్పు సందులలో గూడు పెట్టును. చిన్న కందిరీగల తుట్టెలపై బడి వాని పిల్లలను తినుట దీనికి వాడుక. తేనెటీగ ముల్లు కుట్టినచోటనే విరిగి నిలిచిపోవును. కందిరీగ ముల్లు నిలువదు గనుక ఒక్కటే పలుమారులు కుట్టగలదు. మీదుమిక్కిలి, దీనిని నలిపినచో వెలువడు విషపువాసన తక్కినవానిని పోరునకు పిలుచును. కనుక గూటి దాపున ఒక్కదానిని కొట్టుట పదింటిని పిలుచుటయే. ఇట్టి గూటిని ఇంటివారు ముట్టక, ఆ దారిని మూసి, ఆ పని యెరిగినవారిని రప్పింపవలెను.

కిరసనాయిలు గుడ్డకు నిప్పంటించి తుట్టెను కాల్చుట పల్లెలలో నేటికిని కలదు. తాటాకుపాక, గడ్డివాము ప్రక్కప్రక్కనే యుండు మన యూళ్లలో ఇంతకన్న సాహసము వేరొకటి లేదు. కందిరీగ కుట్టిన వాపు రెండుమూడు దినములకు తీరును. కాలిన యిల్లు తిరిగిరాదు. పిల్లలు తుట్టెపై రాళ్లు రువ్వు ఆటను గూడ తల్లులు గట్టిగా మాన్పవలెను.

కుట్టినప్పుడు చేయవలసినది కూడ తెలిసియుండవలెను. వెంటనే ఆ చోటినుండి తొలగి, సబ్బుతో కడిగి, చల్లనినీటి గుడ్డ వేయుడు. చేతికి కుట్టినచో వాపు రాకముందే గాజులు, ఉంగరములు తీయుడు. సున్నము పూయుట చర్మమును కాల్చును. మట్టి పూయుట వలన గాయము చెడవచ్చును. ఒక గంటవరకు మనిషిని ఒంటరిగా విడువకుడు. ఊపిరి యాడకుండుట, పెదవులు నాలుక వాచుట, ఒడలంతయు దద్దురులు, కళ్లు తిరుగుట కనబడినచో ఒక్క నిమిషమైనను ఇంటివైద్యమున గడపక 108కి ఫోను చేయుడు. దీనికి ప్రాణరక్షకమైన మందు ఎడ్రినలిన్ సూదిమందు. అది ఆసుపత్రిలో దొరకును, వంటింటిలో దొరకదు. చాలచోట్ల కుట్టినచో, అప్పటికి బాగుగనే యున్నను ఆసుపత్రికి పోవలసినదే; ఆ విషము మూత్రపిండములను చెరుపవచ్చును. మూత్రము నల్లబారుట దానికి గుర్తు.

ఇంటికి అవి రాకుండుటకు శుచియే మొదటి కాపు. బెల్లపుకుండపై మూత, మామిడిపండ్ల తొక్కలను, చేపల చెత్తను మూతగల తొట్టిలో వేయుట, రాలిన పండ్లను ఏరివేయుట, పెంకుల సందులు పూడ్పించుట, గవాక్షములకు సన్నని తీగెవల బిగించుట—ఇవి ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ గల పనులు. నిమ్మగడ్డి నూనె, లవంగనూనె వాసన వానికి గిట్టదని అమెరికాలో జరిగిన పరీక్షలలో కనుగొనిరి. కాని వాసన తగ్గినంతనే ఆ కాపు తొలగును గనుక దానినే నమ్మియుండరాదు.

చివరి మాట యొకటి. బెండ, వంగ పాదులలోని గొంగళిపురుగులను ఏరి తినునది ఈ కందిరీగయే. పెరటి చివర, ఎవ్వరును నడువని చోట నున్న చిన్న తుట్టెను తీయుట పంటకు కాపలాదారుని తరిమివేయుటయే యగును. పిల్లలు తిరుగు వాకిలిపై, నీళ్లబావి దగ్గర, బట్టలారవేయు తీగె దాపున నున్నదానినే తీయుడు. బూజు దులుపు దినమున ఒక్కసారి తల యెత్తి చూరును చూచు అలవాటు చేసికొన్న యిల్లాలికి ఆ పని బూజుకర్రతోనే తీరును.