రాత్రి దారి ఎవరిది?

104వ కీర్తన చదివినప్పుడల్లా మనం దేవుని సృష్టి మహిమను తలచుకుని స్తుతిస్తాం. అందులో ఒక కాలపట్టిక ఉందన్న సంగతి మాత్రం అంతగా గమనించం. చీకటి పడ్డాక అడవి జంతువులు ఆహారం కోసం బయటికి వస్తాయని, పొద్దు పొడిచాక అవి తమ నెలవులకు చేరుకుంటే అప్పుడు మనిషి పనికి బయలుదేరతాడని కీర్తనకారుడు వర్ణించాడు. అంటే ఒకే నేలను దేవుడు రెండు వేళలుగా పంచి ఇచ్చాడన్నమాట. ఈ పంపకాన్ని మనం ఎలా మీరుతున్నామో తెలియాలంటే అడవి గుండా వెళ్లే ఏ రోడ్డు మీదైనా తెల్లవారుజామున ప్రయాణం చేసి చూడాలి. తారుకు అంటుకుపోయిన పామో, పునుగుపిల్లో, ముళ్లపందో కనబడుతుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి నల్లమల గుండా, అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా సాగుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు వద్ద రాత్రి 9 గంటలకు గేటు వేస్తే మళ్లీ ఉదయం 6 గంటలకే తీస్తారు. దోర్నాల వైపు నుంచి వచ్చేవారికీ ఇదే నియమం. కర్ణాటకలోని బందీపూర్ అడవిలో కూడా 2009 నుంచి ఇవే వేళల్లో రాకపోకలు ఆపుతున్నారు. అంబులెన్సులకు, కొద్దిపాటి బస్సులకు మినహాయింపు ఉంది. గేటు దగ్గర ఆగిపోయినవారు విసుక్కోవడం సహజమే. కూరగాయల లారీకి ఒక రాత్రి ఆలస్యమైతే నష్టమే, దాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయినా ఆ గేటు ఉండవలసిందేనని మా అభిప్రాయం. ఏడవ సంవత్సరం పొలాన్ని బీడుగా వదలాలనీ, పేదలు తినగా మిగిలినది అడవి మృగాలకు చెందాలనీ నిర్గమకాండంలోని ధర్మశాస్త్రం నియమించింది. తన సొంత పొలంలోనే మృగానికి వాటా వదలమని విన్న ప్రజలకు, మృగం నివసించే అడవిలో తొమ్మిది గంటలు ఆగడం భారమా?

గేట్లు లేని రోడ్లే ఎక్కువ. 2023 జూన్‌లో చిత్తూరు జిల్లా పలమనేరు సమీపంలో రాత్రివేళ రహదారి దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చనిపోయాయి. వాటిలో రెండు గున్న ఏనుగులు. అంత పెద్ద జంతువు డ్రైవరుకు కనబడదా అని అడిగేవారున్నారు. నల్లటి తారు మీద, చీకట్లో, బూడిదరంగు శరీరం దగ్గరికి వచ్చేదాకా కనబడకపోవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. కంటికి ఆనిన దాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ సెకను గడిచిపోతుంది. పైగా వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే అడవిలో 40 దాటకుండా నడిపేవాడు పిరికివాడు కాడు, లెక్క తెలిసినవాడు.

ఇక్కడ మన విశ్వాసుల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రయాణానికి ముందు బండి చుట్టూ నిలబడి ప్రార్థన చేయడం మన ఇళ్లలో మంచి అలవాటు. ఆమేన్ అన్న మరుక్షణం డ్రైవరు భుజం తట్టి 'తొందరగా పోనియ్ తమ్ముడూ' అనడం మాత్రం ఆ ప్రార్థనకు పొసగదు. అడవి అంచు గ్రామాల్లో ఉజ్జీవ సభలు రాత్రి పదింటిదాకా సాగుతాయి. ఆ తరువాత ఆటోలు, టెంపోలు, ముగ్గురేసి ఎక్కిన మోటారు సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరతాయి. సభను చీకటి పడకముందే ముగించినా, దూరం నుంచి వచ్చినవారిని ఆ రాత్రికి మందిరంలోనే పడుకోబెట్టినా సంఘానికి పోయేదేమీ లేదు.

బిలాము గాడిద కథ మనకు తెలిసిందే. దారిలో అది మూడుసార్లు మొరాయించింది. అతడు మూడుసార్లూ దాన్ని కొట్టాడు. ఎదుట నిలిచిన దేవదూత దానికి కనబడ్డాడు, తొందరలో ఉన్న ప్రవక్తకు కనబడలేదు. బండి ముందు నిలబడి కదలని దుప్పిని చూసి హారన్ మోగించేవారికి ఈ కథ గుర్తుకు రావాలి. అది మొండికేయడం లేదు. హై బీమ్ వెలుగుకు దాని కళ్లు చెదిరి దిక్కు తోచడం లేదు. లైట్లు డిమ్ చేసి ఆగితే అదే వెళ్లిపోతుంది. ఒకటి దాటిందంటే వెనుక ఇంకొకటి ఉండవచ్చు కనుక వెంటనే కదలకూడదు. రోడ్డు పక్కన రెండు మెరిసే చుక్కలు కనబడితే అవి కళ్లేనని అనుకోవాలి. మరీ దగ్గరికి వచ్చేస్తే బ్రేకు గట్టిగా తొక్కి బండిని తిన్నగానే ఉంచాలి. స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే బండి బోల్తా పడి మనుషుల ప్రాణాలు పోతాయి.

శ్రీశైలం ఘాట్‌రోడ్డులో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవారిని చూస్తుంటాం. పుణ్యమనుకునే చేస్తారు. కానీ ఆ పండు కోసం అది రోడ్డు మీదికి రావడం నేర్చుకుంటుంది, వెనుక వచ్చే బస్సు కింద పడుతుంది. పారేసిన తిండి పొట్లాలకు వచ్చే నక్కలదీ, అడవి పందులదీ ఇదే గతి.

అంతా డ్రైవరు మీదే నెట్టడం కూడా న్యాయం కాదు. హైదరాబాద్ మీదుగా వెళ్లే 44వ నంబరు రహదారే నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవిని తాకుతుంది. అక్కడ మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల రోడ్డును ఎత్తి కట్టి, కింద జంతువులకు దారి వదిలారు. పులులు సహా ఎన్నో జంతువులు ఆ దారిన నడవడం కెమెరాల్లో నమోదైంది. ఖర్చు ఎక్కువే. నల్లమలలో రోడ్డు వెడల్పు చేయాలని అడిగేవారు ఇలాంటి దారులను కూడా అడగాలి.

జాగ్రత్త పడినా ఒక్కోసారి ప్రమాదం జరుగుతుంది. గాయపడిన జంతువు దగ్గరికి వెళ్లకూడదు. భయంతో అది దాడి చేయవచ్చు. బండిని పక్కకు తీసి, వెనుక వచ్చేవారిని హెచ్చరించి, దగ్గరలోని చెక్‌పోస్టులో చెప్పాలి. చనిపోయిన దుప్పిని 'దేవుడిచ్చాడు' అంటూ డిక్కీలో వేసుకుపోయేవారూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పొరపాటున చంపిన వన్యప్రాణి కళేబరం కూడా ప్రభుత్వ ఆస్తే. అది చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా పోలీసులకు గాని, అటవీ అధికారులకు గాని తెలియజేయాలి.