గాలికి వెల కడితే వాటా ఎవరికి?

కణేకల్ నుంచి బొమ్మనహాళ్ వైపు వెళ్తుంటే ఇసుక పొలాల మీదికి నడిచి వస్తున్నట్లుంటుంది. మా వాళ్లు హగరి అని పిలిచే వేదవతి నది ఎండిపోయింది. దాని గర్భం నుంచి లేచిన ఇసుకను ఆషాఢపు గాలి మోసుకొచ్చి దర్గాహొన్నూరు, గోవిందవాడ వంటి ఊళ్ల చేలలో దిబ్బలుగా పోస్తుంది. అదే నేల మీద తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండే కణేకల్ చెరువు ఉంది, దాని కింద వరి మడులు ఉన్నాయి. పచ్చదనానికీ ఎడారికీ మధ్య కొద్ది మైళ్ల దూరమే. కానీ మడి ఎవరిది, ఇసుక నేల ఎవరిది అని అడిగి చూడండి. ఆ దూరాన్ని కొలవడానికి మైళ్లు చాలవు, కులం కావాలి.

ఇలాంటి నేలలను తిరిగి బతికించడానికి డబ్బు ఎక్కడిది? ప్రపంచం ఇప్పుడు ఒక జవాబు చెబుతోంది. కర్బన ఉద్గారాలకు వెల కట్టాలి, గాలిని చెడగొట్టినవాడు చెల్లించాలి, ఆ సొమ్ముతో అడవులను, గడ్డిభూములను, చెరువులను పునరుద్ధరించాలి. ఇది న్యాయమైన సూత్రమేనని నేను నమ్ముతాను. ఫిన్లాండ్ 1990లో, స్వీడన్ 1991లో కార్బన్ పన్ను మొదలుపెట్టాయి. నేడు ప్రపంచ ఉద్గారాలలో నాలుగో వంతుకు పైగా ఏదో ఒక రూపంలో వెల పడుతోంది. దానివల్ల ప్రభుత్వాలకు వచ్చే ఆదాయం ఏడాదికి వంద బిలియన్ డాలర్లు దాటిందని ప్రపంచ బ్యాంకు లెక్క. మన దేశం కూడా 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. వెల కట్టాలా వద్దా అన్న చర్చ జరుగుతూనే ఉంది. వచ్చిన సొమ్ములో ఎవరికెంత వాటా అన్న చర్చ మాత్రం మన వైపు మొదలే కాలేదు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా తాతకు ప్రభుత్వం మూడెకరాల డీ-పట్టా ఇచ్చింది. అది గుట్ట వాలులో రాళ్ల నేల. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ తరఫున ఇద్దరు యువకులు వచ్చారు. చెట్లు పెంచితే కార్బన్ క్రెడిట్ల డబ్బు వస్తుందన్నారు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది, గడువు ముప్పై ఏళ్లు. మా నాన్న అడిగింది ఒక్కటే: "నడుమ ఇంట్లో రోగమో రొష్టో వస్తే ఒక చెట్టు కొట్టుకోవచ్చునా నాయనా?" దానికి వారి దగ్గర జవాబు లేదు. చివరికి వారే వెనుదిరిగారు. మా భూమి 22-ఏ నిషేధిత జాబితాలో ఉందట, రికార్డులో ఇంకా చనిపోయిన తాత పేరే ఉందట. పక్కనున్న పట్టా భూమికి ఒప్పందం కుదిరింది. దాని యజమాని పట్నంలో ఉంటారు. ఆ చేనును ఏళ్లుగా గుత్తకు చేస్తున్నది ఒక మాదిగ కుటుంబం. గుంతలు తవ్వింది వారే, ఎండకాలంలో బిందెలతో నీళ్లు మోసి మొక్కలను బతికించిందీ వారే. ఒప్పంద పత్రంలో వారి పేరు ఎక్కడా లేదు.

ఇందులో ఎవరూ నేరం చేయలేదు. అంతా చట్టప్రకారమే జరిగింది. నన్ను కలవరపెట్టేది అదే. కార్బన్ హక్కు భూమి హక్కు వెంట నడుస్తుంది, భూమి హక్కు కులం వెంట నడుస్తుంది. అసైన్డ్ భూమి భూమిలేని పేదల చేజారకూడదని 1977లో చేసిన చట్టం ఇక్కడ వారిని పక్కన పెట్టడానికి సాకు అయింది. కౌలుదారుల కోసం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కార్డుకు యజమాని సంతకం కావాలంది, పదకొండు నెలల గడువు పెట్టింది. పదకొండు నెలల కార్డు పట్టుకున్నవాడు ముప్పై ఏళ్ల ఒప్పందంలో భాగస్వామి ఎలా అవుతాడు?

ప్రభుత్వమే వసూలు చేసి ప్రభుత్వమే ఖర్చు చేస్తే ఈ చిక్కు ఉండదనేవారు బొగ్గు సెస్సు చరిత్రను చూడాలి. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400కు చేరిన ఆ సెస్సు నిజానికి మన దేశపు తొలి కార్బన్ పన్ను. దాని కోసం జాతీయ స్వచ్ఛ ఇంధన నిధిని ఏర్పాటు చేశారు. దాదాపు 86 వేల కోట్ల రూపాయలు వసూలైతే నిధికి చేరినవి 30 వేల కోట్ల లోపే. పథకాలకు అందినవి 16 వేల కోట్ల లోపు. 2017లో ఆ సెస్సును జీఎస్టీ పరిహారం కిందికి మళ్లించారు, 2025లో రద్దు చేశారు. కరెంటు బిల్లులో భారం మోసింది అందరూ. ఆ డబ్బుతో మా ఇసుక నేల మీద నాలుగు గడ్డి పరకలైనా మొలిచిన గుర్తు నాకు లేదు.

వేరే దారి లేదా అంటే, ఉంది. 2003లో ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళలు కానుగ నూనె ఆధారంగా 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లే, టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపు. మొత్తం చిన్నదే. కానీ అమ్మినవారూ, సొమ్ము అందుకున్నవారూ ఆ మహిళలే. ఆదివాసీ మహిళల సంఘం అమ్మకందారుగా నిలబడగలిగినప్పుడు కణేకల్ దళితవాడ ఎందుకు నిలబడలేదు?

ఇంకో మాట. అనంతపురం పీఠభూమి సహజంగా దట్టమైన అడవి కాదు. వాన తక్కువైన ఈ నేల గడ్డికి, ముళ్లపొదలకు, ఈత చెట్లకు పుట్టిల్లు. గడ్డి వేళ్లు కూడా మట్టిలో కర్బనాన్ని దాచిపెడతాయి, ఇసుకను పట్టి ఉంచుతాయి. కానీ చెట్లను లెక్కపెట్టినంత సులువుగా గడ్డిని లెక్కపెట్టలేరు. అందువల్ల పునరుద్ధరణ పేరుతో బీడుకు కంచె వేసి, ఒకే రకం మొక్కలు వరుసగా నాటే పనికే డబ్బు వస్తుంది. కంచె పడిన రోజున కురుబల గొర్రెలకు మేత పోతుంది, మాదిగ, బోయ ఆడవాళ్లకు వంటచెరకు పోతుంది, ఈడిగలకు ఈతవనం పోతుంది. రెవెన్యూ భాషలో అది బంజరు, పోరంబోకు. ఆ కులాలకు మాత్రం అది బతుకు.

పర్యావరణంలోకి కులాన్ని ఎందుకు లాగుతారని అడిగేవారుంటారు. 1927లో అంబేడ్కర్ మహద్ చెరువు నీటిని దోసిట పట్టింది ఎందుకో వారు గుర్తు చేసుకోవాలి. చెరువు ప్రకృతిదే, గట్టు మాత్రం కులానిది. ఆ గట్టును తాకకుండా చెరువును మాత్రమే పునరుద్ధరిస్తే పాత అన్యాయం కూడా దానితోపాటే పునరుద్ధరణ పొందుతుంది.

కనుక నా కోరికలు నాలుగు. ఒకటి, కార్బన్ ఆదాయాన్ని పంట వంటి ఫలసాయంగా చట్టం గుర్తించాలి. అప్పుడు అసైన్డ్ భూమిని అన్యాక్రాంతం చేయకుండానే, 1977 చట్టం రక్షణ చెక్కుచెదరకుండానే, ఆ రైతు ఒప్పందం చేసుకోగలడు. రెండు, చెట్టును బతికించిన కౌలుదారుకూ కూలీకీ ఒప్పందంలోనే వాటా రాయాలి, ఆ పత్రం తెలుగులో ఉండాలి. మూడు, ఉమ్మడి భూములపై ఏ పథకమైనా వాటి మీద ఆధారపడిన కులాల సమ్మతి గ్రామసభలో నమోదైన తర్వాతే మొదలవ్వాలి. నాలుగు, 2013లో అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలనే సూత్రాన్ని మనకు ఇచ్చింది. కార్బన్ సొమ్ముకూ అదే సూత్రం వర్తించాలి, మళ్లింపులకు తావు లేకుండా.

2025 అక్టోబరులో ప్రపంచ నౌకాయానంపై కార్బన్ వెల నిర్ణయించే ఒప్పందాన్ని దేశాలు ఏడాది పాటు వాయిదా వేశాయి. వెల ఎప్పటికైనా పడక తప్పదు. ఆ వాయిదాల మధ్య మనకు కొంత గడువు దొరికింది. ఆ గడువులో మా నాన్న అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు రాసుకోగలిగితే, హగరి ఇసుక మీద మొలిచే గడ్డి దాన్ని మొలిపించినవారిది కూడా అవుతుంది.