గాడి ముగిసిన చోట

ఒకే ఆల్బము, ఒకే అట్ట, అవే పాటలు. అయినను ఒక రికార్డుకు పలికే వెలకును, దాని పక్కనే ఉన్న మరొక రికార్డుకు పలికే వెలకును పొంతన ఉండదు. కోల్‌కతా ఫ్రీ స్కూల్ వీథిలో గాని, ముంబయి చోర్ బజారులో గాని పాత రికార్డులు తిరగవేసే వారికి ఈ సంగతి అనుభవమే. తేడా ఎచ్చటనున్నదో ఎరుగక పైకము పోగొట్టుకొనువారున్నారు. అటక మీది విలువైన రికార్డును పాత సామానుల వానికి తూకానికి వేసినవారూ ఉన్నారు. ఇరువురకూ పనికివచ్చునని ఈ నెల ఈ విషయమును ఎత్తుకొన్నాము.

ఉదాహరణకు బీటిల్స్ బృందం తొలి ఆల్బము 'ప్లీజ్ ప్లీజ్ మీ'ని తీసుకొందాము. అందలి 14 పాటలలో పదింటిని 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో లండనులో రికార్డు చేశారు. మోనో ప్రతి మార్చి 22న, స్టీరియో ప్రతి ఏప్రిల్ 26న పార్లోఫోన్ లేబులుపై వెలువడినవి. తొలి ప్రతుల లేబులు నలుపు, దానిపై బంగారు రంగు అక్షరములు. కొద్ది కాలానికే నలుపుపై పసుపు అక్షరముల లేబులు వచ్చినది. బంగారు లేబులులోనూ రెండు రకములున్నవి. మొట్టమొదటి ప్రతులలో లెనన్, మెకార్ట్నీల పాటలు కొన్నింటికి ప్రచురణకర్తగా డిక్ జేమ్స్ సంస్థ పేరుండగా, తరువాతి వానిలో ఆ స్థానమున నార్తర్న్ సాంగ్స్ అని మారినది. ఆ రోజులలో స్టీరియో యంత్రములున్న ఇండ్లు స్వల్పము గనుక బంగారు లేబులుతోనున్న స్టీరియో ప్రతి మిక్కిలి అరుదు. సేకర్తలు వెంటబడునది దానికొరకే.

అయితే లేబులును, అట్టను మాత్రమే నమ్ముట క్షేమము కాదని మా అభిప్రాయము. లేబులు కాగితము విడిగా అచ్చయి వచ్చును. పాత నిల్వ తీరువరకు దానినే వాడుదురు. ఇక అట్టలు ఇండ్లలోనే తారుమారగును. 1968 నాటి బీటిల్స్ 'వైట్ ఆల్బము' తొలి ప్రతులకు వరుస సంఖ్యలు వేశారు గాని ఆ సంఖ్య ఉన్నది అట్టపైన. లోపలి రికార్డు దానిదే అనుటకు ఆ అంకె సాక్ష్యము కాజాలదు.

అసలు సాక్ష్యము గాడి ముగిసి లేబులు మొదలగు లోపల, నునుపుగా కనబడు వలయములో ఉన్నది. ఉత్పత్తి విభాగములలో పనిచేయు మన మిత్రులకు ఈ పద్ధతి కొత్త కాదు. మొదట లక్క పూసిన పలకపై గాడిని చెక్కుదురు. దాని నుండి లోహపు మాస్టరు, మాస్టరు నుండి 'మదర్', మదర్ నుండి స్టాంపరు తయారగును. ప్లాస్టిక్కును అదిమి రికార్డుగా మార్చునది ఈ స్టాంపరే. అది అరిగినకొద్దీ మార్చుచుండవలెను. లోపము కనబడినచో ఏ మదర్‌కు, ఏ స్టాంపరుకు సంబంధించినదో తెలియుటకై కర్మాగారము వారు గుర్తులు వేసికొనిరి. తనిఖీ కొరకు పుట్టిన ఆ గుర్తులే నేడు సేకర్తకు ఆధారము.

ఇంగ్లండులోని హేస్ కర్మాగారపు రికార్డును గడియారముగా భావించండి. ఆరు గంటల స్థానమున మాట్రిక్సు సంఖ్య ఉండును. మన ఆల్బము మోనో మొదటి వైపున అది ఎక్స్‌ఇఎక్స్ 421-1ఎన్. అడ్డగీత తరువాతి 1 అనగా మొదట చెక్కిన పలక. తొమ్మిది గంటల వద్ద మదర్ సంఖ్య, మూడు గంటల వద్ద స్టాంపరు అక్షరములు. ఈ అక్షరములు అంకెలకు మారుపేర్లు. 'గ్రామఫోన్ లిమిటెడ్' అను మాటల నుండి ఏరిన జి, ఆర్, ఎ, ఎం, ఓ, పి, హెచ్, ఎల్, టి అనునవి వరుసగా 1 నుండి 9 వరకు, డి సున్నాకు గుర్తు. 'ఆర్‌ఎ' అని ఉన్నచో అది 23వ స్టాంపరు. పసుపు లేబులు ప్రతులలోనూ అదే 1ఎన్ పలక కనబడును గనుక మాట్రిక్సు ఒక్కటే చాలదు; మూడు గుర్తులను లేబులుతో కలిపి చదువవలెను. చిన్న సంఖ్య తొలి ప్రతియని సూచించునే గాని రుజువు చేయదు. ఒకే కాలమున పెక్కు స్టాంపర్లు పనిచేయుచుండును కదా!

ఇదంతా అంకెల పిచ్చి అనువారికి 1966 ఆగస్టు 5న వెలువడిన 'రివాల్వర్' సంగతి చెప్పవలెను. దాని మోనో రెండవ వైపున 606-1 అను మాట్రిక్సు ఉన్న ప్రతులలో చివరి పాట 'టుమారో నెవర్ నోస్' వేరొక మిశ్రమముతో వినబడును. నిర్మాత జార్జ్ మార్టిన్ చివరి క్షణమున మనసు మార్చుకొని మరొక మిశ్రమమును ఎంచెను గాని అప్పటికే కొన్ని ప్రతులు అచ్చయినవి, అమ్ముడైనవి. అట్ట అదే, లేబులు అదే. వలయములోని ఒక అంకెతో చెవికి వినబడునదే మారిపోయినది.

మన ఇండ్లలో దొరకు బీటిల్స్ ప్రతులలో పెక్కింటిపై 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉండును. అవి కోల్‌కతా సమీపమున డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అచ్చొత్తినవి. ఇంగ్లండు తొలి ప్రతియని చెప్పి వానిని అమ్మువారి మాట వినకండి. అట్లని పారవేయనూ వద్దు, భారతీయ ప్రతులను ప్రత్యేకించి సేకరించు విదేశీయులు ఉన్నారు. కొనుటకు ముందు రికార్డును అంచులతో పట్టుకొని, దీపము కింద ఏటవాలుగా వంచి, భూతద్దముతో ఆ వలయమును చూడండి. దూరము నుండి కొనువారు వలయము ఛాయాచిత్రమును రెండు వైపులదీ అడగండి. పంపుటకు నిరాకరించు అమ్మకందారుని వద్ద బేరము మానుకొనుటే మేలు.